బేసిను రేవులో మా తాత పడవ

మొన్న మార్గశిర మాసంలో కంటి పరీక్ష కోసం మదరాసు వెళ్లవలసి వచ్చింది. నెల్లూరులో తెల్లవారుజామున ఎక్కిన రైలు, సెంట్రల్ స్టేషను అల్లంత దూరంలో ఉందనగా, ఎప్పటిలాగే బేసిన్ బ్రిడ్జి దగ్గర ఆగిపోయింది. కింద బకింగ్‌హాం కాలువ నల్లగా, కదలిక లేకుండా పడి ఉంది. పెట్టెలోని వాళ్లు ఒక్కొక్కరే కిటికీలు దించి, కొంగులూ రుమాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. నేనూ రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాను. అంతలోనే ఆ మురుగు కంపులోనుంచి మరొక వాసన వచ్చి తగిలింది. గట్టు మీద ఎవరో సెంట్రింగు పనికి తెచ్చిన సర్వి (సరుగుడు) గుంజలు కుప్పగా వేసి ఉన్నాయి. రాత్రి కురిసిన వానకు వాటి బెరడు నాని, కొంచెం పుల్లగా, కొంచెం వగరుగా ఉండే ఆ వాసన గాలిలో తేలుతోంది. రైలు కదిలేదాకా నేను కిటికీ దించలేదు.

ఇప్పుడు అందరూ ముక్కు మూసుకుని దాటిపోయే ఈ చోటే అరవై ఏళ్ల కిందట నెల్లూరు తీరం పడవలకు చివరి మజిలీ. మా వాళ్లెవరూ దాన్ని బేసిన్ బ్రిడ్జి అనేవారు కాదు, ‘బేసిను రేవు’ అనేవారు. మదరాసు అంటే మా పాళెంలో చాలామందికి సముద్రపు ఒడ్డూ కాదు, హైకోర్టూ కాదు, సినిమా కంపెనీలూ కాదు. బేసిను రేవే మదరాసు. మా తాత తన జీవితంలో ఎన్ని వందలసార్లు మదరాసు వెళ్లాడో లెక్క లేదు గాని, మైలాపూరు గుడి ఒక్కసారే చూశాడు.

* * *

మా పాళెం ఇస్కపల్లికి దగ్గరలో, సముద్రానికీ కాలువకూ మధ్య ఇసుక మేట మీద ఉండేది. తూర్పు వాకిట నిలబడితే సముద్రం, పెరటి దడి దాటితే కాలువ. మగవాళ్లలో సగం మంది వలకు పోయేవారు, సగం మంది పడవకు పోయేవారు. తాత పడవకు పోయినవాడు. మొదట తాడు లాగే కూలిగా చేరి, తర్వాత గెడ పట్టి, చివరకు చుక్కాని దగ్గర కూర్చునే సరంగు అయ్యాడు. చాలాకాలానికి ఒక షావుకారు దగ్గర అప్పు చేసి సొంత పడవ చేయించుకున్నాడు.

కాలువ పుట్టింది మాత్రం మదరాసులోనే. 1806లో బేసిల్ కొక్రేన్ అనే దొర మదరాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించిన కాలువ, తర్వాత ఉత్తరానికి పెరిగి, మన వాళ్లు ప్రళయకావేరి అని పిలిచే పులికాట్ సరస్సును అందుకుంది. 1837లో ఈస్టిండియా కుంపిణీ ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఆపైన అది నెల్లూరు తీరం పొడవునా సాగి, పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలిసింది. దానితో కృష్ణా డెల్టాలో పడవకెక్కిన ధాన్యపు బస్తా నేల మీద కాలు మోపకుండా మదరాసులో దిగే వీలు కలిగింది. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే 1876–78 నాటి కరువులో, కూలి కోసం వచ్చిన జనం చేత మదరాసు నగరంలో కూవం నదినీ అడయారు నదినీ కలిపే ఎనిమిది కిలోమీటర్ల ముక్కను తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు కాలువ మొత్తానికి స్థిరపడిపోయింది. పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్ల ఈ కాలువలో 257 కిలోమీటర్లు మన ఆంధ్రదేశంలోనే ఉన్నాయి. మా అవ్వ ఆ గవర్నరు పేరు ఎన్నడూ పలకలేదు. కరువులో మట్టి మోసినవాళ్లకు గంజి పోశారని తన అత్తగారి నోట విన్నది కాబట్టి, ఆమెకు అది చివరిదాకా ‘గంజి కాలవ’.

1899లో బెజవాడ నుంచి గూడూరు మీదుగా మదరాసుకు రైలు పడిన తర్వాత మనుషులు పడవలెక్కడం తగ్గిపోయింది. అయినా బరువులు తగ్గలేదు. ఇస్కపల్లి ఉప్పు, మొలగొలుకుల బియ్యం, గుల్ల సున్నం, ఎండుచేపలు, తాటాకు, అన్నిటికంటే ఎక్కువగా సర్వి కట్టెలు పడవల మీదే వెళ్లేవి. మదరాసులో లక్షల పొయ్యిలు వెలగాలంటే కట్టె కావాలి, ఆ కట్టె మన ఇసుక నేలల్లో పెరిగేది. శ్రీహరికోట అడవి కట్టె కూడా ఆ కాలువ దారినే వెళ్లేది. తాత ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతులో ఒక గౌరవం పలికేది. మదరాసులో ఏ ఇంట్లో అన్నం ఉడికినా దానికింద మండేది మన కట్టె, అందులో పడేది మన ఉప్పు అని ఆయన నమ్మకం. నాకూ ఆ నమ్మకం ఈనాటికీ ఉంది.

* * *

పడవను ఎండాకాలం మొదట్లో గట్టుకెక్కించి బోర్లించి, పది రోజులు ఎండనిచ్చేవారు. ఆ పది రోజులూ మా పిల్లలకు పండగ. అడుగు చెక్కల సందుల్లో పాత పీచును ఇనుప ఉలితో గీకి తీసేసి, కొత్త కొబ్బరి పీచును సన్నని తాడుగా పేని, చెక్క సుత్తితో ‘టక్కు, టక్కు’మని కుక్కేవారు. ఆ చప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టినట్టు ఒకే లయలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వినిపించేది. అవతల మూడు రాళ్ల పొయ్యి మీద ఇనుప బానలో గుగ్గిలం పొడి, నూనె కలిపి కాచేవారు. అది పొంగు వచ్చి, తేనెరంగుకు తిరిగి, గరిటె నుంచి తీగ సాగినప్పుడు దించి, వేడి చల్లారకముందే గుడ్డపేలికలు చుట్టిన కర్రతో సందుల మీద పులిమేవారు. తాత ఆ పని ఎవరికీ వదిలేవాడు కాదు. పులిమిన ప్రతి సందు మీదా బొటనవేలు నొక్కి చూసేవాడు. వేలికి అంటితే ఇంకా కాగాలి, అంటకుండా గుర్తు పడితే సరిపోయినట్టు. ఆయన బొటనవేళ్లు రెండూ ఎప్పుడూ గోధుమరంగులో ఉండేవి.

పడవ అడుగు బల్లపరుపుగా ఉండేది, ఎందుకంటే కాలువ లోతు చాలా చోట్ల మనిషి నడుముకు మించదు. నడుమ సరుకు, వెనుక తాటాకు కప్పిన చిన్న గూడు, గూడు ముందర ఇసుక నింపిన చెక్కపెట్టె. ఆ ఇసుకలోనే పొయ్యి. కాలువలో నీళ్లు ఉప్పు కాబట్టి తాగే నీళ్లను కుండలతో పెట్టుకునేవారు, దారిలో గట్టు పక్క ఇసుకలో తవ్విన దొరువుల్లో మళ్లీ నింపుకునేవారు. ఎక్కడ ఏ దొరువులో నీళ్లు తియ్యగా ఉంటాయో సరంగులందరికీ నోటికి వచ్చి ఉండేది. నాకు అయిదారు గుర్తున్నాయి. వాటిలో ఒక్కటైనా ఇప్పుడు మిగిలి ఉందో లేదో.

* * *

నాకు పదేళ్లున్నప్పుడు వేసవి సెలవుల్లో తాత నన్ను మొదటిసారి వెంట తీసుకువెళ్లాడు. నాయన కూడా ఆ పడవ మీదే పని చేసేవాడు. వాళ్లు కాక మరో ఇద్దరు కళాసులు.

వేసవిలో దక్షిణపు గాలి. మదరాసు పోయే పడవకు అది ఎదురు గాలి. చలికాలమైతే ఉత్తరపు గాలికి తెరచాప ఎత్తి అయిదారు రోజుల్లో చేరవచ్చు గాని, వేసవిలో గట్టు మీద నడుస్తూ తాడుతో లాగవలసిందే. అంటే పది రోజుల పైమాట. ఇద్దరు మనుషులు తాడు చివర కట్టిన అడ్డుకొయ్యను రొమ్ముకు ఆనించుకుని, ముందుకు వాలి, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేవారు. పడవ మీద నిలబడ్డవాడు గెడతో గట్టు తగలకుండా నెట్టేవాడు. తాడు బిగిసినప్పుడు దాని మీద నుంచి నీటి చుక్కలు వరసగా రాలేవి. ఒకడు పదం ఎత్తుకుంటే మరొకడు అందుకునేవాడు. ఆ పాటల్లో అర్థం తక్కువ, ఊపిరి ఎక్కువ. పాట ఆగిందంటే లాగేవాడు అలసిపోయాడని తాతకు తెలిసిపోయేది. వెంటనే చుక్కాని నాయనకు ఇచ్చి తానే గట్టు మీదికి దిగేవాడు.

మా వైపు నుంచి పోతుంటే మొదట వచ్చే పెద్ద ఘట్టం పెన్న. కాలువ నదిని దాటే చోట రెండు ఒడ్డులా లాకులు ఉంటాయి. నదిలో నీటిమట్టం, కాలువలో నీటిమట్టం ఒకటిగా ఉండవు. పైగా సముద్రపు పోటు, పాటు. లాకు లేకపోతే కాలువ నీళ్లన్నీ నదిలోకి జారిపోతాయి, లేదా నది వరద ఒండ్రును తెచ్చి కాలువను పూడ్చేస్తుంది. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, ముందు తలుపుల్లోని చిన్న తూము ఎత్తేవారు. నీళ్లు బుసకొట్టుకుంటూ వచ్చి, పడవ చూస్తుండగానే కిందికి దిగడమో పైకి లేవడమో జరిగేది. రెండు పక్కలా నాచు పట్టిన రాతి గోడలు, పైన గళ్ల తువ్వాలు కట్టుకుని లాకు తలుపులు తీసే లస్కరు, నడుమ బావిలో ఉన్నట్టు మేము. “ఒరే అబ్బయా, చెయ్యి బయట పెట్టబాక, గోడకు నలిగిపోద్ది” అని తాత అరిచిన అరుపు ఆ గోడల మధ్య రెండుసార్లు మోగింది. ఇప్పటికీ లిఫ్టులో దిగేటప్పుడు తలుపు మూసుకోగానే నా చెయ్యి తనంతట తానే ఒంటికి దగ్గరగా వస్తుంది.

లాకు దగ్గర వంతు వచ్చేదాకా పది, ఇరవై పడవలు ఆగేవి. రాత్రి అక్కడే వంటలు. ఒక పడవలో చేపల పులుసు ఉడికితే నాలుగు పడవల వాళ్లు సంగటి ముద్దలతో వచ్చేవారు. కృష్ణపట్నం వాళ్లు, రామాయపట్నం వాళ్లు, ఎక్కడో కొత్తపట్నం అవతలి వాళ్లు కూడా అక్కడ కలిసేవారు. పెళ్లి సంబంధాలు మాట్లాడుకున్నది కూడా ఎక్కువగా లాకుల దగ్గరే. మా పెద్ద మేనత్త సంబంధం పెన్న లాకు దగ్గరే కుదిరిందట.

కృష్ణపట్నం దాటి స్వర్ణముఖి వైపు సాగిన తర్వాత తాత తూర్పుకు చెయ్యి చూపించి, “అదో, ఆ పక్క దుగరాజపట్నం. ఇంగ్లీషోళ్లు ముందు ఈడే దిగి ఆడికి పొయినారంట” అన్నాడు. ఆ మాట నేను పెద్దయ్యాక పుస్తకాల్లో వెతికి చూసుకున్నాను. 1626లో కుంపిణీ వాళ్లు మన దుగరాజపట్నంలోనే కోట కట్టుకుని దానికి ఆర్మగాన్ అని పేరు పెట్టుకున్నారు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే, వ్యాపారం సాగక, దక్షిణానికి వెళ్లి 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడి నుంచి ఒక ఇసుక తీరాన్ని పొందాడు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీద అది చెన్నపట్నమైంది. అక్షరం రాని మా తాతకు ఈ సంగతి పడవ మీదే ఎవరో చెప్పి ఉంటారు, వాళ్లకు మరెవరో. మదరాసు మన తీరం నుంచే పుట్టిందన్న మాట మూడు వందల ఏళ్లు పడవవాళ్ల నోళ్లలో అలాగే ప్రయాణించింది.

ప్రళయకావేరిలో గట్టు ఉండదు కాబట్టి తాడు పని ఉండదు. గాలి ఎదురైతే రాత్రి నెమ్మదించే వరకు ఆగి, గెడలు వేసుకుంటూ దాటాలి. ఆ రాత్రి చుట్టూ నీళ్లే, పైన చుక్కలే. దూరంగా ఒక దీపం కనిపించేది. ఎంతసేపు పోయినా అది అంత దూరంలోనే ఉండేది. నాకు భయం వేసి నాయన పంచె కొంగు పట్టుకుని నిద్రపోయాను. తెల్లవారేసరికి గట్టు వచ్చింది.

* * *

ఎన్నూరు దాటగానే గాలి మారిపోయింది. బొగ్గు పొగ, తోళ్ల వాసన, రైలింజన్ల ఆవిరి. కాలువకు రెండు పక్కలా ముందు ఉప్పు మడులు, తర్వాత గుడిసెలు, తర్వాత గోడౌన్లు వచ్చాయి. కొరుక్కుపేట దగ్గర ఇప్పటికీ కొక్రేన్ బేసిన్ రోడ్డు అని ఒక రోడ్డు ఉంది. ఆ పేరు చదివినప్పుడల్లా నాకు చిన్ననాటి అనుమానం ఒకటి గుర్తుకు వస్తుంది. అవ్వ పిండి కలిపే బేసినుకూ ఈ రేవుకూ ఒకే పేరేమిటని తాతను అడిగాను. “నువ్వే చూడు” అన్నాడు. చూస్తే నిజంగానే కాలువ అక్కడ వెడల్పయి, నిండుగా నీళ్లున్న పెద్ద పాత్రలాగా ఉంది. వందల పడవలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఒక పడవ మీద నుంచి మరో పడవ మీదికి అడుగు వేసుకుంటూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచిపోవచ్చు. కొయ్యల మీద చుట్టి కట్టిన తెరచాపలు, ఆరేసిన చీరలు, కోళ్లు, మేకలు, పొయ్యిల పొగ. అదంతా నీటి మీద కట్టిన ఒక ఊరు.

పైన వంతెన మీద రైలు పోతుంటే పడవల చెక్కలు అదిరేవి. అటుపక్క పవర్ హౌసు పొగగొట్టాలు, ఇటుపక్క ఉప్పు కొఠార్లు. ఆ ప్రాంతాన్ని ఇంగ్లీషులో కూడా సాల్ట్ కొటార్స్ అనే పిలుస్తారు. మన కొఠారు అనే మాట ఇంగ్లీషు పేరులో కూర్చుని ఇప్పటికీ రైల్వే బోర్డుల మీద ఉంది. అక్కడి నుంచి వాల్‌టాక్స్ రోడ్డు దాకా కట్టెలు అమ్మే అడితులు, కలప అడితులు. రేవులో అరవం, తెలుగు రెండూ కలిసిపోయి వినిపించేవి గాని, పడవల మీది మాట తెలుగే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడి మదరాసు తమిళులకు మిగిలిపోయిన తర్వాత కూడా ఆ నీళ్ల మీద మాట మారలేదు.

సరుకు దించే పని ఆడవాళ్లది. పడవ అంచు నుంచి గట్టుకు ఒక బల్ల వేసేవారు. తల మీద గుడ్డ చుట్ట పెట్టుకుని, దాని మీద కట్టెల మోపు, చేతులు వదిలేసి, ఆ బల్ల మీద ఊగుతూ ఒకరి వెనుక ఒకరు చీమల బారులా పోయేవారు. బల్ల కిర్రుమనే చప్పుడు, గట్టున పడే మోపుల చప్పుడు, తూకం దగ్గర “లాభం... రెండు... మూడు...” అని సాగదీసి పాడే లెక్క. ఒకటి అనరు, లాభం అంటారు. మా ఊళ్లో ధాన్యం కొలిచేటప్పుడూ అంతే. ఊరుగాని ఊళ్లో ఆ మాట వినగానే నాకు ధైర్యం వచ్చింది.

ఆ ప్రయాణంలో ఎన్నూరు దగ్గర రాత్రి వేసవి వాన కురిసింది. తెల్లవారి రేవులో దిగేసరికి కట్టె పైపైన తడిసి ఉంది. అడితి యజమాని ఒకటికి రెండుసార్లు మోపులు తాకి చూసి, తడి తరుగు కింద వందకు పది తీసేస్తానన్నాడు. ఆ పది పోతే తాతకు షావుకారు వడ్డీ పోను చేతికి మిగిలేది ఏమీ ఉండదు. తాత గొడవ పడలేదు. ఒక మోపు లాగి, నడుమ నుంచి ఒక కట్టె తీసి, ఆ గోధుమరంగు బొటనవేలి గోటితో బెరడును నిలువునా చీల్చి, పేడు పేడుగా ఒలిచి కింద పడేశాడు. లోపల కట్టె ఎముకలాగా తెల్లగా, పొడిగా ఉంది. దాన్ని యజమాని చెంపకు ఆనించి, “చల్లగా ఉందా అయ్యా?” అని అడిగాడు. మళ్లీ ఇంకో కట్టె, మళ్లీ ఇంకోటి. ఎన్ని ఒలిచాడో నాకు లెక్క తెలియదు. కాళ్ల దగ్గర తడి బెరడు కుప్పపడి, దాని వాసన అంతటా నిండిపోయింది. చివరకు తరుగు వందకు మూడు దగ్గర తెగింది. ఆ మూడు కూడా తీయకూడనిదే. సాయంత్రం తాత వేలి గోరు కింద నెత్తురు గడ్డకట్టి ఉండటం చూసి నేను ఏడ్చాను. నాయన ఆ వేలికి పసుపు, సున్నం కలిపి పెట్టాడు. మొన్న రైల్లో నాకు తగిలింది ఆ వాసనే.

* * *

సరుకు దిగిన తర్వాత తిరుగు సరుకు దొరికేదాకా రెండు మూడు రోజులు రేవులోనే ఉండేవాళ్లం. కిరసనాయిలు డబ్బాలు, పెంకులు, బట్టల మూటలు, ఇనుప సామాను ఏదో ఒకటి దొరికేది. రాత్రిళ్లు పడవ గూడు మీద పడుకుని తాత పాత కథలు చెప్పేవాడు.

ఎండెన్ కథ నేను ఎన్నిసార్లు అడిగి చెప్పించుకున్నానో. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ వాళ్ల ఎండెన్ ఓడ మదరాసు మీద గుండ్లు కురిపించి, రేవు దగ్గరున్న బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకులను తగలబెట్టింది. తాత అప్పటికి తాడు లాగే కుర్రవాడు. ఆ రాత్రి బేసిను రేవులోనే ఉన్నాడు. మొదట ఉరుములనుకున్నారట. తర్వాత ఆకాశం తూర్పు వైపు ఎర్రబడి, నీళ్లు కూడా ఎర్రబడి, పడవల్లో ఒకరి ముఖం ఒకరికి కనిపించిందట. ఏమి జరిగిందో తెలియకుండానే సరంగులు కట్లు కోసేసి చీకట్లో ఉత్తరానికి పడవలు లాగించారు. ఎన్నూరు చేరినా వెనక ఎరుపు తగ్గలేదని చెప్పేవాడు.

ఇంకొకటి 1942 నాటిది. జపాను వాళ్లు వస్తున్నారని ఏప్రిల్‌లో మదరాసు ఊరు ఊరంతా ఖాళీ అయింది. రైళ్లలో చోటు లేక, పడవల మీద కూడా జనం ఎక్కారు. ఆ నెలంతా తాత పడవ కట్టెలు దించి మనుషులను ఎక్కించుకుంది. ఇత్తడి బిందెలు, ఊయల గొలుసులు, పూజా పీటలు, వీణ ఒకటి. ఒక ముసలమ్మ తులసి కోటను మట్టితో సహా బుట్టలో పెట్టుకుని వచ్చి, దారి పొడవునా తాగే నీళ్లలో సగం దానికే పోసిందని అవ్వ కూడా చెప్పేది. వాళ్లెవరి దగ్గరా తాత కూలి మాట్లాడలేదట, ఇచ్చినవాళ్ల దగ్గర పుచ్చుకున్నాడు.

* * *

పడవలు ఒక్క రోజులో ఆగిపోలేదు. రోడ్డు బాగుపడి లారీలు వచ్చాయి. పది రోజుల దారి ఒక రాత్రి దారి అయింది. మదరాసు ఇళ్లలోకి కిరసనాయిలు పొయ్యిలు, తర్వాత గ్యాసు వచ్చాయి, కట్టె అవసరం తగ్గింది. 1965లోనూ 1966లోనూ వరసగా వచ్చిన తుపానులకు కాలువ గట్లు తెగి, ఇసుక మేటలు వేసింది. పూడిక తీస్తారని మా వాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. శ్రీహరికోటలో 1971లో మొదటి రాకెట్టు ఎగిరే నాటికి ఆ దీవి కట్టె మదరాసుకు పోయే రోజులు కూడా గడిచిపోయాయి.

రెండో తుపాను తర్వాత తాత పడవ ఇసుకలో సగం కూరుకుపోయింది. రెండేళ్లు అలాగే ఉంది. గుగ్గిలం పగుళ్లు విచ్చి, సందుల్లో గడ్డి మొలిచింది. చివరికి ఒక గుల్ల సున్నపు బట్టీ వాళ్లు వచ్చి, చెక్కలను కట్టె కింద కొనుక్కున్నారు. గొడ్డళ్లు పడుతున్నంతసేపూ తాత ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాయన మాత్రం గెడ ఒకటి దక్కించాడు. అది మా పెరట్లో బట్టలు ఆరేసే దండెమై చాలా ఏళ్లు ఉంది. నాయన తర్వాత లారీ మీద క్లీనరుగా వెళ్లాడు. మదరాసు వెళ్లి వచ్చినా, బేసిను రేవు మీదుగా పోయానని ఎన్నడూ అనలేదు.

మదరాసులో ఆ తర్వాత జరిగింది అందరికీ కనిపిస్తూనే ఉంది. నగరం మురుగంతా కాలువలోకి చేరింది. 1990లలో నగరపు రైలు దారి కోసం చేపాక్ నుంచి మైలాపూరు వైపు కాలువలోనే స్తంభాలు దించారు. ధాత కరువులో గంజి తాగి తవ్విన ముక్క అదే. ఆ స్తంభాల మధ్య ఇక ఏ పడవా పట్టదు. నాకు అది చూసినప్పుడు కోపం వస్తుంది, ఆ కోపం దాచుకోవలసిన అవసరం కూడా లేదనుకుంటాను. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువలన్నిటినీ కలిపి నాలుగో జాతీయ జలమార్గమని ప్రకటించినప్పుడు, ఆ వార్త కత్తిరించి పెట్టుకున్నాను. కాగితం పసుపుపచ్చగా మారింది, మా పాళెం దగ్గర మాత్రం పడవ కనిపించలేదు.

కాలువ చేసిన మేలు ఇంకొకటి చెప్పాలి. 2004 డిసెంబరు 26 ఆదివారం పొద్దున సునామీ నీళ్లు మా పాళెం ఇసుక మేట దాటి వచ్చి కాలువలో పడ్డాయి. పూడిక పడి, నాచు పట్టి, ఎవరికీ పట్టని ఆ కాలువ ఆ నీళ్లను తనలో కలుపుకుని ఉత్తరానికీ దక్షిణానికీ పంపేసింది. అవతలి గట్టు మీది ఇళ్లకు తడి తగలలేదు. తుపానుల తర్వాత మా వాళ్లు చాలామంది ఆ గట్టుకే మారి ఉన్నారు.

* * *

మదరాసు నుంచి తిరిగి వచ్చిన వారానికి పాళెం వెళ్లాను. ఆ వాసన తగిలాక వెళ్లకుండా ఉండలేకపోయాను. సర్వి తోపులు కొన్ని ఉన్నాయి, చాలా చోట్ల రొయ్యల గుంటలు వచ్చాయి. మా ఇల్లు ఉన్న చోటు గుర్తు పట్టడానికి కాసేపు పట్టింది. కాలువ గట్టుకు నడిచాను. నీళ్లు మోకాలి లోతు ఉన్నాయి. తాత పడవ కట్టే చోట ఒక పిల్లవాడు రెండు బర్రెలను నీళ్లలోకి దించి, గడ్డి చుట్టతో ఒళ్లు రుద్దుతున్నాడు. తొమ్మిదేళ్లుంటాయేమో.

“ఈ చోటునేమంటారు నాయనా?” అని అడిగాను.

వాడు తల ఎత్తి, నేను వేరే ఊరి మనిషినని అనుకున్నట్టున్నాడు, ఓపికగా చెప్పాడు. “ఇది మెద్రాసు రేవు తాతా. పైన ఉండేది పాత రేవు. ఆడ లోతుండాది, దిగబాక.”

“మెద్రాసు రేవని ఎందుకంటారు?”

“ఏమో. మా అవ్వోళ్లు అట్నే అంటారు” అని, వాడు రెండో బర్రె కొమ్ము పట్టుకుని నీళ్లలోకి మళ్లించాడు.